మన కళాశాల విద్యార్థులు – నాయకత్వము: చరిత్ర చెప్పు పాఠము

ఉగాది పండుగకు మన షోలాపూరులో ఒక ప్రత్యేకమైన అందము కలదు. మనము గడపకు మామిడి తోరణము కట్టు వేళకే ఎదురింటి మరాఠీ సోదరులు తమ యింటిపై గుఢీ నిలుపుదురు. ఒకే దినము, రెండు భాషలు, ఇరుగు పొరుగు. ఇట్టి శుభ సమయమున మన సంఘమువారు వెలువరించుచున్న ఈ సంచికలో మన కళాశాల విద్యార్థులను గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది. నేను పెద్ద చదువులు చదివినవాడను కాను. మెట్రిక్యులేషను ముగించి రైల్వేలో గుమాస్తాగా పని చేయుచున్నాను. తీరిక వేళల చరిత్ర గ్రంథములు చదువు అలవాటు మాత్రము కలదు. ఆ చదువులో దొరికిన కొన్ని సంగతులను మన కుటుంబముల ముందుంచుటయే నా ఉద్దేశము.

“విద్యార్థులే రేపటి నాయకులు” అను మాటను ప్రతి సభలోను వినుచున్నాము, చప్పట్లు కొట్టుచున్నాము. కాని ఆ నాయకులు ఎట్లు తయారగుదురో చెప్పువారు అరుదు. నాయకత్వము పుట్టుకతో వచ్చునా? పదవితో వచ్చునా? ఉపన్యాసము వినిన వచ్చునా? ఈ ప్రశ్నకు మన తెలుగువారి చరిత్రయే చక్కని సమాధానము చెప్పుచున్నది.

మనము వచ్చిన త్రోవ

షోలాపూరునకు రైలు 1860లో వచ్చినది. 1871 నాటికి ఆ మార్గము రాయచూరు చేరినది. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రాజ్యపు రైలు మార్గము ఏర్పడినది. 1877లో ఈ ఊరి మొదటి నూలు మిల్లు వెలసినది. ఈ నాలుగు సంవత్సరములను వరుసగా చదివినచో మన తాత ముత్తాతల ప్రయాణమంతయు కండ్లకు కట్టును. రైలు రాక మునుపే కాలి నడకను, బండ్ల మీదను వచ్చినవారు కొందరు. రైలు వచ్చిన పిదప కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము, మెదకు ప్రాంతముల నుండి మగ్గము పనిని నమ్ముకొని వచ్చినవారు అనేకులు. మగవారు మగ్గముల యొద్దను మిల్లులలోను, ఆడవారు కండెల యొద్దను తరువాత బీడీల చేటల యొద్దను కష్టపడి ఈ పేటలను నిలబెట్టిరి.

నేటి మన విద్యార్థి ఆ కష్టపు ఫలము. ఇంట తెలుగు, వీధిలోను బడిలోను మరాఠీ, కళాశాలలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ పెరిగినవాడు. తాతగారి ఊరికి పోయినచో “షోలాపూరువాళ్ళు వచ్చినారు” అందురు. ఇక్కడ “తెలుగువాళ్ళ పిల్లలు” అందురు. తరగతిలో వెనుక బల్ల మీద కూర్చుండి, ప్రశ్న వచ్చినను లేచి అడుగుటకు జంకువాడు ఎంత తెలివిగలవాడైనను నలుగురి ముందుకు ఎట్లు రాగలడు? “నేను ఎవరివాడను?” అను సందేహము తీరనిదే “నేను నలుగురి కొరకు ఏమి చేయగలను?” అను తలంపు పుట్టదు. ఇది మన పిల్లలలో అనేకులకు కలిగిన చిక్కు. ఇందు వారి తప్పు ఏమియు లేదు.

అక్కయు తమ్ముడును

ఈ చిక్కు నేడు క్రొత్తగా వచ్చినది కాదు. నూట ముప్పది యేండ్ల క్రిందట మరాఠీ మాటలాడు నాగపూరులో ఒక తెలుగు బాలుడు చదువుకొనుచుండెను. అతడు పెనుగంచిప్రోలులో పుట్టిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు. చిన్నతనముననే తండ్రిని కోల్పోగా అక్కగారైన భండారు అచ్చమాంబయు, బావగారైన మాధవరావుగారును అతనిని చేరదీసిరి. మాధవరావుగారు ఆ ప్రాంతములో ఇంజనీరు. లక్ష్మణరావుగారు నాగపూరులో బి. ఏ. ముగించి, 1900లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఎం. ఏ. పట్టము పొందిరి. మరాఠీలో గొప్ప పాండిత్యము సంపాదించిరి. కాని “నేను మరాఠీవాడనా, తెలుగువాడనా” అని కుములుచు కూర్చుండలేదు. మరాఠీ ద్వారా తెలిసిన దానిని తెలుగువారికి అందించుట తన పని యని భావించి శివాజీ చరిత్రమును తెలుగున వ్రాసిరి. రెండు భాషల నడుమ నుండుట లోపము కాదు, వంతెన వంటిదని ఆయన జీవితము నిరూపించినది.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము స్థాపించినప్పుడు లక్ష్మణరావుగారి వయస్సు ఇరువది నాలుగైదేండ్లు. అనగా నేటి మన ఎం. ఏ. విద్యార్థి వయస్సు. ఆయనకు అండగా నిలిచిన పెద్దలు మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు. రాజావారు అంత పిన్న వయస్కునికి సంస్థానపు దివానుగిరి నిచ్చిరి. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసినది. తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు ఆయనయే పూనుకొనిరి. తెలివి లక్ష్మణరావుగారిది, నమ్మకము పెద్దలది. రెండును కలిసిన చోటనే సంస్థ పుట్టినది.

అక్కగారి కథ ఇంకను గొప్పది. అచ్చమాంబగారు బడికి పోయినవారు కారు. తమ్ముడు చదువుకొనుచుండగా తానును అతనితో పాటు అక్షరములు దిద్ది, తెలుగు, హిందీ మొదలగు భాషలు నేర్చుకొని, అబలా సచ్చరిత్ర రత్నమాల యను స్త్రీల చరిత్ర గ్రంథము వ్రాసిరి. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పుటలో పాల్గొనిరి. ఊరూర తిరిగి స్త్రీలకు సమాజముల ఆవశ్యకతను బోధించిరి. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే గతించిరి. కళాశాల ముఖము చూడని ఒక స్త్రీ ఇంత చేయగలిగినప్పుడు, నేడు కళాశాలకు పోవుచున్న మన ఆడుబిడ్డలు చేయలేనిది ఏమున్నది? తల్లులు బీడీలు చుట్టి చదివించుచున్న ఈ బిడ్డలకు అచ్చమాంబగారి పేరు తెలియవలెను.

ఒక అవమానము, ఒక సంస్థ

1921 నవంబరులో హైదరాబాదులో నిజాము రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగెను. పూనాకు చెందిన మహర్షి ధోండో కేశవ కర్వేగారు అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడుటకు ప్రారంభింపగా సభలోని కొందరు అల్లరి చేసి ఆయనను మాటలాడనీయరైరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు ఒకచోట కూడి ఆంధ్ర జన సంఘమును స్థాపించుకొనిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసిరి. గ్రంథాలయములు, బడులు, ఊరి సమస్యల మీద చిన్న చిన్న పుస్తకములు వెలసినవి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. అవమానము జరిగిన రాత్రి వారు ఎవరిని తిట్టుటకు కూడలేదు. ఒక పని ప్రారంభించుటకు కూడిరి. తరగతిలో భాషను గూర్చియో పేరును గూర్చియో ఎవరైన నవ్వినచో మన పిల్లలకు రెండు దారులు కలవు. ముడుచుకొనిపోవుట ఒకటి, కయ్యమునకు దిగుట మరియొకటి అని వారు తలంచెదరు. మూడవ దారి యున్నదని 1921 చెప్పుచున్నది.

1938 సంవత్సరము

ఇక విద్యార్థులు తామే ముందు నడచిన ఘట్టమునకు వత్తము. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. 1938 నవంబరులో అక్కడి వసతి గృహమున ప్రార్థనా సమయమందు వందేమాతర గీతము పాడుటను అధికారులు నిషేధించిరి. విద్యార్థులు పాట మానుటకు ఒప్పుకొనక సమ్మె చేసిరి. వందలకొలది విద్యార్థులు కళాశాలల నుండి వెడలగొట్టబడిరి. వారిలో తెలుగు, మరాఠీ, కన్నడ భాషలవారు ముగ్గురును ఉండిరి. చాలమంది పల్లెల నుండి వచ్చి, తండ్రులు పొలము మీద అప్పు తెచ్చి పంపిన సొమ్ముతో చదువుచున్నవారే.

ఆ సమయమున నాగపూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నున్న టి. జె. కేదార్‌గారు ఆ విద్యార్థులకు తమ తలుపులు తెరచిరి. అక్కడికి పోయి చదువు సాగించినవారిలో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు కలడు. అతడే తరువాత 1991 నుండి 1996 వరకు భారత ప్రధానిగా నున్న పి. వి. నరసింహారావుగారు. మరాఠీ దేశములో చదివిన ఆ పరిచయము వ్యర్థము కాలేదు. హరి నారాయణ ఆప్టేగారి మరాఠీ నవలను ఆయన తెలుగున “అబల జీవితము” అను పేర అనువదించిరి. విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి తెచ్చిరి. లక్ష్మణరావుగారు నడచిన వంతెన మీదనే నరసింహారావుగారును నడచిరి.

వెడలగొట్టబడినవారందరును ప్రధానులు కాలేదు. ఎందరికో చదువు అంతటితో ఆగిపోయినది. వారి పేర్లు పుస్తకములకు ఎక్కలేదు. విద్యార్థులు వెల చెల్లించుటకు సిద్ధపడినను, ఆ వెలను పంచుకొను పెద్దలు లేనిచో యువకుల ధైర్యము వృథా కాగలదు. కేదార్‌గారి వంటి ఒక్క పెద్ద మనిషి తలుపు తీయుటవలన ఎన్ని జీవితములు నిలిచెనో తలంచుడు.

షోలాపూరునకు వచ్చిన కళాశాల

అదే 1938లో మన షోలాపూరు బిడ్డయైన డాక్టరు ద్వారకానాథ కోట్నీస్‌గారు యుద్ధములో నలుగుచున్న చైనా దేశమునకు వైద్య సేవకై వెళ్ళిరి. 1910లో ఈ ఊర పుట్టి, బొంబాయిలో వైద్యము చదివి, పరదేశమున గాయపడినవారికి సేవ చేయుచు 1942లో అక్కడనే కన్ను మూసిరి. నాయకత్వమునకు ఉపన్యాసము అవసరము లేదు, చేతి పని చాలునని ఆయన చూపిరి.

ఆ సంవత్సరము డిసెంబరులోనే మన ఊర లోకనాయక మాధవ శ్రీహరి అణేగారి అధ్యక్షతను ఆర్య మహాసభ జరిగెను. హైదరాబాదు సంస్థానములో మత స్వాతంత్ర్యము కొరకు 1939లో సాగిన సత్యాగ్రహమునకు షోలాపూరు ముఖ్య శిబిరమైనది. ఆ సత్యాగ్రహము ముగిసిన మరుసటి సంవత్సరము, 1940లో, దయానంద కళాశాల వెలసినది. దూరపు ఊళ్ళ కళాశాలలకు పిల్లలను పంపగల స్తోమత లేని మిల్లు కూలీల ఊరికి అది పెద్ద వరము. ఈ కళాశాలలో చదివినవారిలో సుశీల్ కుమార్ షిండేగారు ఒకరు. న్యాయస్థానమున చిన్న ఉద్యోగము చేయుచు చదువు సాగించిన ఆయన 2003లో మహారాష్ట్ర ముఖ్యమంత్రియై, 2004లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వెళ్ళిరి. మన తాతలు తెలుగు దేశము నుండి ఇక్కడికి వచ్చిరి. ఇక్కడి విద్యార్థి గవర్నరుగా అక్కడికి వెళ్ళెను. 2004లో షోలాపూరునకు సొంత విశ్వవిద్యాలయమే ఏర్పడినది. నేడు కళాశాల దూరమను సాకు మనకు లేదు.

మన పేటలవారు వెనుకబడి యుండిరని తలంచుట పొరపాటు. 1980, 1984 సంవత్సరములలో గంగాధర్ కుచన్‌గారు, 1989, 1991 సంవత్సరములలో ధర్మణ్ణ సాదుల్‌గారు షోలాపూరు నుండి లోకసభకు ఎన్నికైరి. ఊరంతయు ఆడం మాస్టరని పిలుచు నర్సయ్య ఆడంగారు 1978, 1995, 2004 సంవత్సరములలో శాసనసభకు ఎన్నికై, బీడీ పని చేయు స్త్రీల ఇండ్ల కొరకు పాటుపడిరి. వీరి పార్టీలు వేరు వేరు. ఆ చర్చ మనకు అవసరము లేదు. అటులనే మహారాష్ట్ర సరిహద్దున నున్న వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీగారు హైదరాబాదులో న్యాయశాస్త్రము చదివి, జీవితాంతము నేతగాండ్ర సహకార సంఘముల కొరకు శ్రమించిరి. 1969లో తెలంగాణ కొరకు మంత్రి పదవినే వదలుకొనిరి. మగ్గపు గుంట నుండి లేచినవారు ఎంత ఎత్తునకైనను పోగలరనుటకు వీరే సాక్ష్యము.

అయినను తరమునకు ఒకరిద్దరు పైకి వచ్చినంత మాత్రమున సంఘము నిలువదు. నాయకుడనగా శాసనసభ్యుడే కానక్కరలేదు. సహకార సంఘపు లెక్క నిజాయితీగా వ్రాయువాడు నాయకుడు. వీధిలో నీళ్ళు రానప్పుడు పది యిండ్లవారిని కలుపుకొని కార్పొరేషను కచేరికి పోవు యువతి నాయకురాలు. మనకు ఇట్టివారు వందలు కావలెను.

నాడె చేతికిచ్చు పద్ధతి

పైన చెప్పిన కథలన్నిటిలోను ఒకే సూత్రము కానవచ్చుచున్నది. అది మన మగ్గముల యొద్ద ఎప్పుడో నేర్చిన సూత్రమే. పిల్లవానికి నేత నేర్పునప్పుడు మన తాతలు ఉపన్యాసము చెప్పలేదు. మొదట కండెలు చుట్టనిచ్చిరి. తరువాత తెగిన పోగు అతుకుట నేర్పిరి. ఒక దినమున తండ్రి మగ్గము మీద నుండి లేచి, నాడెను కొడుకు చేతికిచ్చి, ప్రక్కన కూర్చుండెను. పోగులు తెగినవి; బట్ట వంకర పోయినది. తండ్రి నాడెను మరల లాగుకొనలేదు. అతుకు చూపెను. అట్లే కొడుకు నేతగాడయ్యెను. మునగాల రాజావారు లక్ష్మణరావుగారికి చేసినది ఇదియే. కేదార్‌గారు బహిష్కృత విద్యార్థులకు చేసినది ఇదియే.

నేడు మన సంఘములలో జరుగునది వేరు. ఉత్సవమునకు కుర్చీలు మోయుటకు విద్యార్థులు కావలెను. ఎన్నికలలో జెండాలు పట్టుటకును, ఊరేగింపులో కేకలు వేయుటకును విద్యార్థులు కావలెను. లెక్కలు చూచునప్పుడు, తీర్మానము చేయునప్పుడు మాత్రము “మీరు పిల్లలు, మీకేమి తెలియును” అందుము. ఇరువది యేండ్లు కుర్చీలు మోసినవానికి నలువదవ యేట హఠాత్తుగా నాయకత్వము ఎక్కడ నుండి వచ్చును? నాడె ముట్టని చేతికి నేత రాదు.

కావున మన సంఘపు పెద్దలకు వినయముతో కొన్ని మనవులు. వచ్చు ఉగాది ఉత్సవపు లెక్కలను ఇద్దరు కళాశాల విద్యార్థులకు, అందొకరు విద్యార్థినిగా, అప్పగించుడు. వారు చందా వసూలు చేసి, రసీదులు వ్రాసి, సభలో నిలిచి లెక్క చదువవలెను. పొరపాటు వచ్చినచో సరిదిద్దుడు గాని పని మాన్పింపకుడు. రెండవది, ప్రతి పేటలో బడి పిల్లలకు సాయంకాలము పాఠము చెప్పు బాధ్యతను కళాశాల విద్యార్థులకు ఇయ్యుడు. తనకన్న చిన్నవారికి చెప్పువానికి నలుగురి ముందు మాటలాడు జంకు దానంతటదియే పోవును. మూడవది, నెలకొక దినము మన గ్రంథాలయములోనో మందిరపు మంటపములోనో విద్యార్థుల సభ జరుపుడు. ఒక నెల తెలుగున, ఒక నెల మరాఠీలో మాటలాడనిండు; రెండు భాషలును వారివే.

కళాశాలలలో 1969 నుండి జాతీయ సేవా పథకము కలదు. రెండు సంవత్సరములలో 240 గంటల సేవ, ఏడు దినముల శిబిరము అందలి నియమము. “శిబిరమునకు పోయిన చదువు చెడును” అని కొందరు తల్లిదండ్రులు, ముఖ్యముగా ఆడుపిల్లలను, పంపుట లేదు. పంపుడని కోరుచున్నాను. ఒక పల్లెలో ఏడు దినములు పని చేసి వచ్చిన పిల్ల, వంద ఉపన్యాసములు వినిన పిల్లకన్న ఎక్కువ నేర్చును.

విద్యార్థులకు కూడ ఒక మాట. మన స్టేషను నుండి పూనాకు పోవు హుతాత్మ ఎక్స్‌ప్రెస్సులో మీలో అనేకులు చదువులకును ఉద్యోగములకును పోవుచున్నారు. ఆ పేరు ఎవరిదో ఎరుగుదురా? 1930 మే నెలలో ఈ ఊర సైనిక శాసనము విధింపబడినది. అటుపిమ్మట 1931 జనవరి 12వ తేదీన ఎరవాడ చెరసాలలో ఉరితీయబడిన మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడాగార్ల స్మృతికి పెట్టిన పేరది. నలుగురును ఈ ఊరివారు. నలుగురిది నాలుగు కులములు, రెండు మతములు. ఉరికంబము కడ ఎవరును వారి భాషను అడుగలేదు. టిక్కెట్టు మీద ఆ రైలు పేరు చదివినప్పుడెల్ల, ఈ ఊరు మీదియేనని, ఈ ఊరి బాధ్యతయు మీదియేనని తలంచుడు. “నేను ఎవరివాడను” అను ప్రశ్నకు సమాధానము మాటలలో దొరకదు. ఎవరి కొరకు పని చేయుదుమో వారివారమే యగుదుము.

ఉగాది పచ్చడిలో తీపితో పాటు చేదును ఉండును. పిల్లలకు బాధ్యత నిచ్చినచో మొదట కొంత చేదు తప్పదు. లెక్కలు తప్పును, సభలు గందరగోళమగును. ఆ చేదు మ్రింగుటకు పెద్దలు సిద్ధపడిననాడు తీపి దానంతటదియే వచ్చును. ఈ క్రొత్త సంవత్సరము మన పేటలలోని ప్రతి యింటికిని ఆరోగ్యమును, పనిని, మన విద్యార్థినీ విద్యార్థులకు ధైర్యమును ప్రసాదించుగాక యని శ్రీ మార్కండేయ స్వామిని ప్రార్థించుచు ముగించుచున్నాను.